కళ్ళు దిద్దే రోజు

ఆళ్లగడ్డ
జూన్ చివర

యామినికి,

ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో మా బళ్ళో నేర్పించారు కానీ మర్చిపోయాను. అందరం బాగున్నామని రాయాలి, అంతవరకు గుర్తుంది. బాగున్నాం.

నువ్వు ఎండాకాలంలో ఇంటికి వచ్చినప్పుడు అన్నావు కదా, "వదినా, ఫోన్లో నీ 'ఊ' తప్ప నాకేం వినపడదు, ఉత్తరమన్నా రాయి" అని. నవ్వులాటకు అన్నావేమో తెలియదు. ఫోను మీ అన్నది. మాట్లాడేది వసారాలో, అందరికీ వినబడేలా పెట్టి. పక్కన అత్తయ్య, అవతల రాళ్ళు చెక్కే షెడ్డులో పనివాళ్ళు. అక్కడ నా గొంతు పెగలదు. ఏడో తరగతితో మానేసినదాన్ని కాబట్టి తప్పులుంటాయి, చదివి చించెయ్యి. ఈ ఉత్తరం మన పక్కింటి కమలాక్షమ్మ తెస్తుంది. ఆమె గాజుల కొట్టుకు సరుకు కోసం వారం వారం నంద్యాల వస్తుంది కదా, నీ హాస్టలు దారిలోనేనట.

ఎమ్మెస్సీ ఎంట్రన్సులో నీకు మంచి ర్యాంకు వచ్చిందని మీ అన్న షెడ్డులో అందరికీ చెప్పాడు. "మా యామిని ఇంక లెక్చరరే పోప్పా" అన్నాడు. నీకు చెప్పమన్న మాట ఇది: నంద్యాలలో నువ్వు డిగ్రీ చదివిన కాలేజీలోనే కెమిస్ట్రీ సీటు ముందు పెట్టమన్నాడు. శనివారం వస్తే ఆదివారం పోవచ్చు, అమ్మకు ధైర్యం అన్నాడు.

ఇంట్లో సంగతులు. నంద్యాల లక్ష్మయ్య శెట్టిగారు గోస్పాడు గుడికి అమ్మవారి విగ్రహం చేయమన్నారు. నల్లరాయి లారీలో దిగింది. మీ అన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి, "రాయి బాగా పలుకుతాంది" అన్నాడు. రేయింబవళ్ళు అదే పని. ఈ మధ్య టీ సగం గ్లాసే పోయమంటున్నాడు. నిండుగా పోస్తే విసుక్కుంటున్నాడు. అత్తయ్య నవ్వింది, "శెట్టితో బేరమాడి బేరమాడి నీకూ ఆయన పొదుపు అంటుకున్యాదేందిరా" అని.

ఇంతకంటే రాయడానికి తోచడం లేదు.

నీ వదిన,
నాగజ్యోతి


నంద్యాల
జూలై

వదినా,

ఉత్తరం చించలేదు. నా రూంమేట్లకు చూపించి, "మా వదినకు గొంతు ఉంది" అని చెప్పాను. నువ్వు ఇంట్లో ఇన్నేళ్ళుగా మాట్లాడినదంతా కలిపినా ఒక పేజీ రాదు!

అన్న చెప్పినట్టే చేస్తాను. అసలు సంగతి నీకు చెబుతా. నేను కెమిస్ట్రీకీ, జియాలజీకీ రెండు ఎంట్రన్సులూ రాశాను. రెండింటిలోనూ ర్యాంకు వచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్లో కాలేజీలను వరుసగా పెట్టుకోవాలి. ముందు పెట్టింది దొరికితే తర్వాతవి చూడరు. అందుకని వరుసే ముఖ్యం. ముందు ఇక్కడి కెమిస్ట్రీ, రెండోది తిరుపతిలో జియాలజీ అని పెడతాను. కెమిస్ట్రీ మంచిదే, ఉద్యోగాలుంటాయి.

జియాలజీ అంటే భూమి గురించి, రాళ్ళ గురించి చదువు. నీకొకటి చెప్పాలి. ఎండాకాలంలో మన షెడ్డు వెనక పడి ఉన్న నల్లరాయి పెచ్చు ఒకటి సంచిలో వేసుకొచ్చాను, గుర్తుందా? మా అమ్మ "బట్టలు పెట్టుకోమంటే రాళ్ళు పెట్టుకుంటాంది" అని తిట్టింది. దాన్ని మా కాలేజీలో జియాలజీ చెప్పే వినీత మేడం చేత అరగదీయించాను. కాగితం కంటే పలచగా అయ్యేదాకా అరగదీసి, గాజుపలక మీద అంటించి, మైక్రోస్కోపు కింద పెడతారు. వదినా, ఆ నల్లరాయిలోంచి వెలుగు పోతుంది! లోపల నలుపే లేదు. పసుపు, ఊదా, చిలకపచ్చ, అద్దం తిప్పేకొద్దీ రంగులు మారుతూ ఉన్నాయి. మన ఇంట్లో మూడు తరాలుగా దాన్ని చెక్కుతున్నారు, లోపల ఏముందో ఒక్కరూ చూడలేదు. నేను దాని మీంచి కన్ను తీయలేకపోయాను. మేడం "చాల్లేమ్మా, లంచ్ టైం అయింది" అన్నారు.

ఒక చిక్కు. అప్లికేషను ఆళ్లగడ్డలో నెట్ సెంటరులో పెట్టించాడు కదా అన్న, దానికి ఆయన నంబరే ఇచ్చాడు. నేను ఇక్కడ ఆ అప్లికేషను తెరవాలంటే ఆయన ఫోనుకు ఓటీపీ అని ఒక సంఖ్య వస్తుంది. అది ఆయన నాకు చదివి చెప్పాలి. మొన్న చెప్పమంటే చెప్పి, వెంటనే పెట్టేశాడు. ఇదివరకు అంత తొందరగా పెట్టేవాడు కాదు. పని ఎక్కువగా ఉందా?

నీ మరదలు,
యామిని


ఆళ్లగడ్డ
జూలై

యామినికి,

నీ ఉత్తరం బియ్యం డబ్బాలో దాచి మూడుసార్లు చదివాను. కెమిస్ట్రీ గురించి ఒక్క వాక్యం రాశావు. రాయి గురించి పేజీ రాశావు. నాకు చదువు తెలియదు కానీ ఇది తెలిసింది.

నువ్వేం కావాలనుకుంటున్నావు? నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. ఎనిమిదో తరగతికి గోస్పాడు దాకా నడవాలని మా నాయన పుస్తకాలు కట్టి అటక మీద పెట్టాడు. నేను కూడా ఏమీ అనలేదు. అంటే ఏమయ్యేదో ఇప్పటికీ తెలియదు. అందుకే అడుగుతున్నా.

మొన్న అన్నం పెడుతూ మీ అన్నను కదిపాను. నేను కదిపానంటే నమ్ముతావా? తల ఎత్తకుండా, పప్పు వడ్డిస్తూ అన్నాను, "యామినికి రాళ్ళ చదువు మీద మనసుంది" అని.

"రాళ్ళు చూసేదానికి తిరపతి పోవాల్నా? ఈడ లేవా రాళ్ళు? దినామూ పొద్దున లేస్తే రాళ్ళే" అన్నాడు.

అత్తయ్య అందుకుంది. "తిరపతి కొండ కూడా రాయేలే నాయనా. ఆ పాపకు ఎక్కడ చూసినా రాయే కనబడతాంది."

ఆయన చేయి కడుక్కుంటూ మెల్లగా అన్నాడు, "అది నంద్యాలలో ఉంటే బేగా వస్తుంది. రేపు నాకేమన్నా అయితే ఇంట్లో ఎవరుండారు?" ఆయనకు ముప్పై రెండేళ్ళు. ఎందుకలా అన్నాడో అర్థం కాలేదు. అడుగుదామనుకునేలోపు షెడ్డులో రాయి కోసే మిషను చప్పుడు మొదలైంది.

అమ్మవారి రూపం దిగింది. చేతులు, నగలు, చీర కుచ్చిళ్ళు కూడా అయ్యాయి. నేను నూనె పెట్టి రుద్దుతున్నాను. ఇక కళ్ళే మిగిలాయి. శెట్టిగారి పురోహితుడు శ్రావణంలో ఒక గురువారం పెట్టాడు. ఆ రోజు ఎలా ఉంటుందో నీకు తెలుసు. పొద్దున్నే షెడ్డులో తెల్లపంచెలతో నాలుగు వైపులా తెర కట్టి లోపల ఒక్కడే కూర్చుంటాడు. కళ్ళు దిద్దడం అయ్యేదాకా అన్నం లేదు, మాట లేదు. ఫోను ఆపేసి తన దగ్గరే పెట్టుకుంటాడు. ఆ తెరను ఆడవాళ్ళు దాటకూడదు. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ రోజు షెడ్డు వైపు చూడను కూడా లేదు.

నా ప్రశ్నకు జవాబు రాయి.

వదిన


నంద్యాల
శ్రావణం మొదట్లో

వదినా,

నువ్వు అడిగినంత సూటిగా మా ప్రిన్సిపాల్ కూడా అడగలేదు.

నాకు తిరుపతి కావాలి. జియాలజీ కావాలి. అది చదివితే నీళ్ళు ఎక్కడ పడతాయో చూసే ఉద్యోగాలున్నాయి, గనుల్లో ఉన్నాయి, లేకపోతే పాఠాలు చెప్పుకోవచ్చు, ఇవన్నీ అన్నకు చెప్పడానికి వరుసగా రాసి పెట్టుకున్నాను. కానీ కారణం అది కాదు. ఆ గాజుపలకలో చూసిన దాన్ని మళ్ళీ చూడాలి. ఈ కోరిక ఎవరికి చెప్పినా నవ్వుతారు, నువ్వు నవ్వవు.

కానీ వరుస పెట్టేశాను. ముందు కెమిస్ట్రీ. అన్న ఫోన్లో సంఖ్య చెబుతూ, "ముందు మనూరి పక్కదే కదా పెడతాండావ్?" అని అడిగాడు. ఊ అన్నాను. ఇప్పుడు నేనూ నీలాగే ఊ అంటున్నాను.

మార్చుకోవడానికి గురువారం సాయంత్రం దాకా గడువుంది. ఆ తర్వాత ముట్టుకోనివ్వరు. మారిస్తే మళ్ళీ అన్న ఫోనుకే సంఖ్య వస్తుంది. గురువారం లోపల ఆయనతో మాట్లాడతాను. ధైర్యం రావాలి. వస్తుందేమో.

యామిని


ఆళ్లగడ్డ
శ్రావణం

యామినికి,

అందరం బాగున్నాం. నువ్వు బాగున్నావని తలుస్తాను.

ఫోన్లో చదివిన సంఖ్య సరిగ్గా అందిందనుకుంటాను. కమలాక్షమ్మ ఫోను చేతిలో పెడితే రెండు చేతులతో పట్టుకున్నాను. ఒక్కొక్క అంకె నువ్వు తిరిగి చెప్పావు కాబట్టి సరిపోయింది.

అమ్మవారి పని అయింది. వానలు పడుతున్నాయి. అత్తయ్య మోకాళ్ళ నొప్పి అంటోంది. నువ్వు సమయానికి భోజనం చెయ్యి.

ఇట్లు,
నాగజ్యోతి


నంద్యాల
శ్రావణం చివర

వదినా! వదినా! వదినా!

సీటు వచ్చింది. తిరుపతి. జియాలజీ. వినీత మేడం తన డబ్బాలో ఉన్న మైసూర్‌పాకు మొత్తం నాకే పెట్టేశారు.

ఆ గురువారం సంగతి నీకు పూర్తిగా చెప్పాలి. పొద్దుటి నుంచి అన్నకు చేస్తూనే ఉన్నాను, ఫోను ఆపేసి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, కళ్ళు దిద్దే రోజని! నువ్వు ఉత్తరంలో రాసినా నా బుర్రకు ఎక్కలేదు. నెట్ సెంటరు కుర్చీలో ఏడుస్తూ కూర్చున్నాను. చివరికి కమలాక్షమ్మకు చేశాను. "మా వదినను పిలువు పిన్నీ" అన్నాను. నువ్వేం చేయగలవని కూడా అనుకోలేదు. నీ గొంతు వింటే చాలనిపించింది. కాసేపటికి నువ్వు లైన్లోకి వచ్చి అంకెలు చదివావు! నువ్వు నాతో ఫోన్లో మొదటిసారి మాట్లాడింది ఆ ఆరు అంకెలే.

"అన్న ఏం చేస్తాండాడు?" అని అడిగితే "పనిలో ఉండాడు" అని పెట్టేశావు. తెర బయట ఫోను పెట్టాడా? అడిగి తీసుకున్నావా? చెప్పు.

సీటు వచ్చిందని అన్నకు చెబితే "మంచిది" అన్నాడు. అంతే. కోపంగా ఉన్నాడా? గోస్పాడులో అమ్మవారిని ఎప్పుడు నిలబెడుతున్నారు? తిరుపతి పోయే ముందు చూసి దండం పెట్టుకుని పోతాను.

నీ
యామిని


ఆళ్లగడ్డ
భాద్రపదం

యామినికి,

సీటు వచ్చినందుకు చాలా సంతోషం. కమలాక్షమ్మకు రవ్వ పాయసం పోశాను.

గోస్పాడుకు పోవద్దు. వానలకు దారి బాగాలేదు. నిలబెట్టడం ఇంకా ఎప్పుడో. నువ్వు సర్టిఫికెట్లు, ఫోటోలు సర్దుకో. తిరుపతిలో చలి ఉండదంటారు, అయినా దుప్పటి తీసుకుపో. మీ అన్నకు కోపం లేదు.

మిగతా ప్రశ్నలకు తర్వాత రాస్తాను.

వదిన


నంద్యాల
భాద్రపదం

వదినా,

తర్వాత రాస్తానన్నావు. రాయాల్సిన అవసరం లేదు. నాకు తెలిసింది.

హాస్టలుకు బకెట్టు, కంచం కొనడానికి లక్ష్మయ్య శెట్టిగారి స్టీలు సామాన్ల కొట్టుకు పోయాను. నేను గణేశాచారి చెల్లెల్ని అని చెప్పగానే ఆయన కళ్ళజోడు తీశారు.

"తిరపతిలో సీటొచ్చిన పాపవు నువ్వేనా?" అన్నారు.

"ఔనండీ."

"మంచి చదువేలే తల్లీ. దానికి మా అమ్మవారి కన్ను బలి పెట్టినారు. కళ్ళు దిద్దేటప్పుడు ఆడమనిషి తెర తీసుకోని పోతే ఉలి నిలుస్తుందా? కుడికన్ను పెచ్చు లేచిపోయె. ఆ రాయి ఇంక గుడికి పనికొస్తుందా? ఊరంతా ఎదురు చూస్తాంటే నేను ఇంకో షెడ్డుకు పోయి మళ్ళా మొదలుపెట్టించినా."

కొట్టులో ఉన్నవాళ్ళంతా నన్నే చూశారు. బకెట్టు అక్కడే పెట్టి వచ్చేశాను.

నువ్వు తెర దాటావు. నా కోసం. ఆ అలికిడికి అన్న చేయి తప్పింది. ఇన్నాళ్ళ పని ఒక్క దెబ్బకు పోయింది. నువ్వు నాకు వానల గురించి, దుప్పటి గురించి రాశావు!

ఈ సీటు నాకు వద్దు. తిరుపతిలో చేరడానికి వచ్చే సోమవారం దాకా గడువుంది, నేను పోను. ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పడానికి రమ్మన్నారు, చేరతాను. ఇంట్లో నిన్ను ఎవరేమన్నా వచ్చి అడ్డం నిలబడతాను. అన్న కళ్ళలోకి ఎలా చూడాలో తెలియడం లేదు. తిరుపతిలో ఆ మైక్రోస్కోపు ముందు కూర్చుంటే నాకు రంగులు కనబడవు, పగిలిన కన్నే కనబడుతుంది.

ఎందుకు చెప్పలేదు వదినా?

యామిని


ఆళ్లగడ్డ
భాద్రపదం

యామినీ,

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యి. నిజంగా వెయ్యి.

నేను ఈ మాట ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. నువ్వు సీటు వదులుకుంటానన్నావు కాబట్టి చెబుతున్నాను. లేకపోతే నాతోనే పోయేది.

ఆ రోజు కమలాక్షమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. "యామిని ఏడుస్తాందమ్మే, గణేశప్ప ఫోనులో నంబరు కావాలంట, సాయంత్రం దాటితే పోతాదంట" అంది. అత్తయ్య గుడికి పోయింది. పనివాళ్ళకు ఆ రోజు సెలవు. నేను షెడ్డు దగ్గరికి పోయి తెర బయట నిలబడ్డాను. లోపల సుత్తి చప్పుడు లేదు. చాలాసేపు లేదు. నేను పిలవలేకపోయాను. ఆయనను నేను ఎప్పుడూ ఏమనీ పిలవలేదు కదా, ఏమని పిలవాలో తెలియలేదు. అందుకే పంచె పక్కకు తీశాను.

మీ అన్న అమ్మవారి ముందు కింద కూర్చుని ఉన్నాడు. ఉలి, సుత్తి రెండూ గుడ్డలో చుట్టి పక్కన పెట్టి ఉన్నాయి. కుడికన్ను అప్పటికే పోయింది. లేచిన పెచ్చు ఆయన అరచేతిలో ఉంది. దాన్నే చూస్తున్నాడు. ఆ చేయి వణుకుతోంది, యామినీ. చలికి వణికినట్టు కాదు. ఆయన రెండో చేత్తో దాన్ని పట్టుకున్నా ఆగడం లేదు.

సగం గ్లాసు టీ గుర్తుందా? నేను నీకు నవ్వుతూ రాశాను. నిండు గ్లాసు అయితే ఒలుకుతుందని అలా అడిగేవాడు. ఫోను చెవి దగ్గర ఎక్కువసేపు పట్టుకోలేక నీతో తొందరగా పెట్టేసేవాడు. చొక్కా గుండీలు నన్ను పెట్టమంటుంటే ముద్దు అనుకుని సిగ్గుపడేదాన్ని. ఏళ్ళ తరబడి ఆ కటింగ్ మిషను పట్టుకుని పట్టుకుని చేతులు అలా అయ్యాయేమో, నాకు తెలియదు. డాక్టరుకు చూపించలేదు. చూపిస్తే పదిమందికి తెలుస్తుందని.

నన్ను చూసి అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "ఏందీ?" అన్నాడు.

"యామినికి నంబరు కావాలంట" అన్నాను.

"రాళ్ళ చదువుకా?"

"ఔ."

పెచ్చును కింద పెట్టాడు. తర్వాత ఆపేసిన ఫోను తీసి, ఆన్ చేసి, వణికే చేత్తోనే నాకు ఇచ్చాడు. "పంపు. ఒకరన్నా పోనీ" అన్నాడు. నీ సీటు నేను లాక్కొచ్చింది కాదు, నువ్వు దొంగిలించింది కాదు. మీ అన్న ఇచ్చాడు.

నేను ఫోను తీసుకుని తెర బయటికి వస్తుంటే అత్తయ్య గుడి నుంచి వచ్చింది. నన్ను చూసింది. ఆ తర్వాత జరిగింది నువ్వు ఊహించుకోగలవు. మధ్యాహ్నానికి శెట్టిగారు ప్రసాదం తీసుకుని వచ్చారు. కన్ను చూశారు. అత్తయ్య తల కొట్టుకుంటూ "కోడలు తెర దాటె సామీ, నేను కళ్ళారా చూసినా" అంది.

శెట్టిగారు మీ అన్న వైపు తిరిగారు. "నిజమేనా ఆచారీ? ఈ పాప వచ్చినందుకేనా ఉలి జారింది?"

మీ అన్న నా వైపు చూశాడు. తర్వాత "ఔ" అన్నాడు.

ఆ ఒక్క మాటే. అప్పటి నుంచి దాని గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు. నాకు కోపం లేదని రాయను. అన్నం తినేటప్పుడు ఆ "ఔ" వినబడుతుంది. గుడికి రావద్దన్నారు, పోవడం లేదు. వీధిలో ఆడవాళ్ళు నన్ను చూసి కొంగు సర్దుకుంటున్నారు. మంచినీళ్ళ కుళాయి దగ్గర నేను ఆఖరున నిలబడుతున్నాను. ఇవన్నీ నాకు కష్టంగానే ఉన్నాయి.

కానీ ఒకటి ఆలోచించు. నేను తెర దాటినందుకు కన్ను పోయిందంటే, అది ఆడదాని తెలివితక్కువతనం. ఉలి పట్టిన చేయి పోయిందని తెలిస్తే ఈ షెడ్డుకు ఎవరూ రాయి దింపరు. ఇప్పుడు మీ అన్న అందరికీ ఏమంటున్నాడో తెలుసా? "ఇంట్లో దోషం పోయేదాకా కళ్ళు దిద్దను" అంటున్నాడు. రోళ్ళు, స్తంభాలు, గడపరాళ్ళు ఒప్పుకుంటున్నాడు. వాటికి కళ్ళుండవు. నా తప్పు ఉన్నంత కాలం ఆయన చేతిని ఎవరూ అనుమానించరు. నేను ఎలాగూ బయటికి పోయేదాన్ని కాదు, మాట్లాడేదాన్ని కాదు. నా పేరు పోతే ఈ గోడల మధ్య పోతుంది. ఆయన పేరు పోతే పొయ్యి ఆరుతుంది.

అందుకని నువ్వు నా తరఫున ఎవరితోనూ ఒక్క మాట అనకూడదు. అడ్డం నిలబడకూడదు. ఆయనకు నీకు తెలిసినట్టు కూడా కనబడకూడదు. ఆ సంగతి తెలిస్తే ఆయన బతకలేడు.

సోమవారం లోపల తిరుపతిలో చేరు. జరగని దానికి నువ్వు సీటు వదిలితే, ఆ రోజు నేను తెర తీసింది దేనికి?

నా మాట వింటున్నావని చెప్పడానికి నాకు వేరే ఉత్తరం రాయకు. ఇంటికి రాయి, అందరూ వినేలా. అందులో నల్లరాయి ముక్క ఒకటి పంపమని అడుగు. నాకు అర్థమవుతుంది.

జ్యోతి


నంద్యాల
భాద్రపదం

అన్నకు, అమ్మకు నమస్కారాలు.

లక్ష్మయ్య శెట్టిగారి కొట్టులో విషయం తెలిసింది. మన ఇంటికి ఇంత నష్టం జరుగుతుందని తెలిసి ఉంటే నేను ఆ రోజు ఫోను చేసేదాన్ని కాదు. వదిన చదువుకోలేదు, ఆచారం తెలిసి కూడా తొందరపడింది. నాకూ ఆమె మీద కోపం వచ్చింది. అమ్మా, నువ్వు ఆమెను ఎక్కువ అనవద్దు, జరిగింది జరిగిపోయింది. దోషం పోయేదాకా కళ్ళ పని ఒప్పుకోకూడదని అన్న అనుకోవడం మంచిదే.

నేను తిరుపతిలో చేరడానికి ఆదివారం బయలుదేరుతున్నాను. అన్నా, హాస్టల్లో తోడు వచ్చినవాళ్ళ సంతకం కావాలంటున్నారు. నువ్వు రావాలి. వదినను కూడా తీసుకురా, నా సామాన్లు సర్దడానికి. రెండు రోజులు ఉండేలా రండి. అక్కడ పెద్దాసుపత్రిలో వినీత మేడం తమ్ముడు పని చేస్తాడు, అమ్మ మోకాళ్ళకు మందు అడిగి తెచ్చుకోవచ్చు.

క్లాసులో చూడటానికి షెడ్డు వెనక నుంచి నల్లరాయి ముక్క ఒకటి వదినతో పంపించండి.

యామిని


ఆళ్లగడ్డ
శుక్రవారం

యామినీ,

కమలాక్షమ్మ బస్సుకు నిలబడి ఉంది, తొందరగా రాస్తున్నాను. ఆదివారం వస్తున్నాం. అయినా ఇది నీకు ముందే అందాలి.

నీ ఉత్తరం వసారాలో విప్పారు. అత్తయ్య, కమలాక్షమ్మ, పనివాళ్ళు ఇద్దరు ఉన్నారు. అత్తయ్య "చదువు నాయనా, పాప ఏం రాసిందో" అంది. మీ అన్న కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అది చప్పుడు చేసింది. ఎండుటాకులా. ఎవరూ గమనించకముందే నా చేతిలో పెట్టాడు. "కండ్లల్లో దుమ్ము పడింది. నువ్వు చదువు" అన్నాడు.

నేనే చదివాను. అందరి ముందు, గట్టిగా. వదిన చదువుకోలేదు, తొందరపడింది, నాకు కోపం వచ్చింది, అన్నీ నా నోటితోనే చదివాను. ఒక్క అక్షరం కూడా తప్పు చదవలేదు. పనివాళ్ళు తల దించుకున్నారు. అత్తయ్య "చెల్లెలన్నా న్యాయం మాట్లాడె" అంది. నల్లరాయి ముక్క అన్న చోటికి వచ్చేసరికి నా గొంతు కాస్త ఆగింది. అవమానానికి ఆగిందనుకున్నారు.

"కోడలు కూడా తిరపతికి ఎందుకంట?" అని అత్తయ్య అడిగింది. మీ అన్న గోడ వైపు చూస్తూ "రానీలేమ్మా" అన్నాడు. తర్వాత లేచి షెడ్డులోకి పోయాడు. అక్కడ ఆ విగ్రహం మూలన గోడ వైపు తిప్పి నిలబెట్టి ఉంది, పైన గోనెపట్ట కప్పి. దాని పక్కన కూర్చున్నాడు. నేను టీ తీసుకుపోయాను, సగం గ్లాసు. తీసుకుని, నన్ను చూడకుండా అన్నాడు, "బాగా చదివినావే." ఆ ఒక్కటీ అని తాగాడు.

రాయి ముక్క ఈ కాగితంలో మడిచి పంపుతున్నాను. షెడ్డు వెనకది కాదు. ఆ రోజు ఆయన అరచేతిలో ఉన్నదే. తెర విప్పాక ఊడుస్తుంటే దొరికింది. పారేయలేక పసుపు డబ్బాలో పెట్టాను, అందుకే ఒక పక్క పచ్చగా ఉంది. ఆదివారం ఆయన ముందు దాన్ని బయటికి తీయవద్దు.

దాన్ని నువ్వు చెప్పినట్టు పలచగా అరగదీయించు. వెలుగు పోతుందో లేదో చూడు. లోపల ఏ రంగులున్నాయో నాకు రాసి పంపు. ఫోన్లో చెప్పొద్దు.

జ్యోతి